రేడియేషన్‌కి తోడు నానో ఇంజెక్షన్, ఇమ్యునోథెరపీ: నిజంగా ఉందా, వాట్సాప్ కబురేనా?

పలాస_జీడిపప్పు

అందరికీ నమస్తే. కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మా పెద్దమ్మకి 71 ఏళ్ళు. శ్రీకాకుళం జిల్లాలో పల్లెటూరు. చిన్నప్పటి నుంచీ అడ్డపొగ అలవాటు. తెలియనివాళ్ళకి చెప్తున్నా, చుట్ట వెలిగించి నిప్పున్న కొసని నోట్లోపల పెట్టుకుని తాగడం, మా వైపు పెద్దవయసు ఆడవాళ్ళలో ఇంకా ఉంది. ఆర్నెల్ల కిందట అంగిట్లో పుండు లేచింది, కారం తగిలితే మంట అంటే బి-కాంప్లెక్స్ మాత్రలు మింగిస్తూ కాలం గడిపేశాం. ఇప్పుడు బయాప్సీలో క్యాన్సర్ అని వచ్చింది, మెడలో గ్రంథులకి కూడా పాకిందట. గుండె పంపింగ్ తక్కువ, క్రియాటినిన్ ఎక్కువ, అందుకని ఆపరేషన్ వద్దన్నారు, సిస్ప్లాటిన్ అనే కీమో కూడా కిడ్నీలకి పడదన్నారు. కరెంటు, అంటే రేడియేషన్, పెడదాం, వారానికి ఐదు చొప్పున 35 సిట్టింగులు అన్నారు డాక్టర్ గారు. ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందులు) గురించి అడిగితే "అది తర్వాత అవసరాన్ని బట్టి చూద్దాం" అన్నారు.

ఈలోగా పెద్దమ్మ కొడుకు, మా అన్నయ్య, న్యూజెర్సీ నుంచి ఒక వీడియో పంపాడు. బంగారం నానో కణాలు, అంటే కంటికి కనపడనంత చిన్న రేణువులు, గడ్డలోకి ఎక్కిస్తే రేడియేషన్ బలం రెట్టింపు అవుతుందట, దానికి ఇమ్యునోథెరపీ కలిపితే ఒక్కచోట కరెంటు పెట్టినా ఒళ్ళంతా ఉన్న క్యాన్సర్ పోతుందట. "ఒక నెల ఆగండి, నేను ఇక్కడ కనుక్కుంటా, పాత పద్ధతిలో కాల్చేస్తే మళ్ళీ ఛాన్స్ ఉండదు" అంటున్నాడు. దూరంగా ఉన్నవాడి బాధ అర్థమవుతుంది కానీ ఇక్కడ రేడియేషన్ అప్పుడు తల కదలకుండా పెట్టే మాస్క్ కొలతకి తేదీ ఇచ్చేశారు, నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇది నిజంగా ఉందా? ఉంటే ఆగడం మంచిదా? ఈ రంగం తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

లైనాక్_మాస్టారు

నేను రేడియేషన్ విభాగంలో ఫిజిసిస్ట్‌ని, హైదరాబాద్‌లో. డాక్టర్ని కాదు, మందుల సంగతి నన్ను అడగొద్దు. కానీ ఆగే విషయం మాత్రం ముందే చెప్పేస్తా: ఆగకండి. తల, మెడ క్యాన్సర్లలో సిట్టింగుల మధ్య విరామం వస్తే, ఒక్కో రోజుకీ గడ్డ అదుపులోకి వచ్చే అవకాశం సుమారు 1 శాతానికి పైగా తగ్గుతుందని పాత లెక్కలు ఉన్నాయి. మొదలుపెట్టాక పండగ సెలవు వచ్చినా మేము శనివారం పిలిచి ఆ సిట్టింగు పూర్తి చేసేది అందుకే. మొదలుపెట్టకుండా నెల ఆగితే ఆ నెలంతా గడ్డ పెరుగుతూనే ఉంటుంది. ఊరికే కూర్చోదు కదా.

ఇక వీడియో సంగతి. అందులో చెప్పిన ఫిజిక్సు అబద్ధం కాదు. బరువైన మూలకాలు ఎక్స్-కిరణాలని తేలిక మూలకాల కంటే చాలా ఎక్కువగా పట్టుకుంటాయి. మన ఒళ్ళంతా కార్బన్, ఆక్సిజన్, హైడ్రోజన్ లాంటి తేలికవి. బంగారం పరమాణు సంఖ్య 79, హాఫ్నియం 72, గడోలినియం 64. అలాంటి కణం గడ్డలో ఉంటే కిరణం దానికి తగిలినప్పుడు ఎలక్ట్రాన్లు చిమ్ముతాయి, అవి ఆ చుట్టుపక్కలే, పక్కనున్న క్యాన్సర్ కణాల వరకే, నష్టం చేస్తాయి. అంటే గడ్డకి డోసు పెరుగుతుంది, పక్కనున్న మంచి కండకి పెరగదు. ఆలోచన బాగుంది. 2004లో అమెరికాలో హైన్‌ఫెల్డ్ బృందం ఎలుకల్లో చేసి చూపించింది కూడా. రొమ్ము గడ్డలున్న ఎలుకలకి 1.9 నానోమీటర్ల బంగారం కణాలు రక్తంలోకి ఎక్కించి రేడియేషన్ ఇస్తే ఏడాది తర్వాత 86 శాతం బతికాయి, రేడియేషన్ మాత్రమే ఇచ్చినవాటిలో 20 శాతం.

ఇక్కడే వీడియోవాళ్ళు దాటేసే మాట ఒకటుంది. ఆ ప్రయోగంలో వాడింది 250 కిలోవోల్టుల ఎక్స్-రే. మీ పెద్దమ్మకి పెట్టబోయేది లైనాక్, అంటే ఇప్పుడు ఆసుపత్రుల్లో రేడియేషన్ ఇచ్చే మిషను, మామూలుగా 6 మెగావోల్టులు. ఆ శక్తి దగ్గర బరువైన మూలకాలకున్న ఆ ప్రత్యేక ఆకర్షణ చాలావరకు పోతుంది, కిరణానికి బంగారమూ కండా దాదాపు ఒకటే. లోపలికి వెళ్ళే కొద్దీ చెదిరి బలహీనపడిన కిరణాలవల్ల కొంత లాభం మిగులుతుంది, ప్రయోగాల్లో లెక్కకి మించిన ఫలితం కూడా కనిపించింది, అది ఎందుకో ఇంకా కొట్టుకుంటున్నారు. కానీ "రెట్టింపు" అన్న మాట లైనాక్ ముందు నిలబడదు.

మనుషుల్లో అందరికంటే ముందుకెళ్ళింది బంగారం కాదు, హాఫ్నియం ఆక్సైడ్. పారిస్‌లోని నానోబయోటిక్స్ అనే కంపెనీది, ఎన్‌బీటీఎక్స్‌ఆర్3 అంటారు. రక్తంలోకి కాదు, సూదితో నేరుగా గడ్డలోకే, ఒక్కసారే. తర్వాత మామూలు రేడియేషన్. సీటీలో తెల్లగా కనిపిస్తుంది, ఎక్కడ ఉందో మాకు తెలుస్తుంది, నాకు బాగా నచ్చింది అదే. ఎక్కువగా కాళ్ళూ చేతుల్లో వచ్చే సార్కోమా (కండ, కొవ్వు లాంటి మెత్తని భాగాల క్యాన్సర్) గడ్డల మీద 180 మందితో ట్రయల్ చేశారు, 2019లో ఫలితాలు వచ్చాయి. ఆపరేషన్ చేసి తీసిన గడ్డని పరీక్షిస్తే, దాదాపు బతికున్న క్యాన్సర్ కణాలే లేనివాళ్ళు నానో వేసిన గుంపులో 16 శాతం, వేయనివాళ్ళలో 8 శాతం. అదే ఏడాది యూరప్‌లో సార్కోమాకి సీఈ మార్క్, అంటే అక్కడ వాడుకోవడానికి అనుమతి, వచ్చింది.

మీ పెద్దమ్మ లాంటివాళ్ళ మీదే, అంటే పెద్దవయసు, సిస్ప్లాటిన్ పడనివాళ్ళు, తల-మెడ క్యాన్సర్, వాళ్ళ మీద నానోరే-312 అనే పెద్ద ట్రయల్ నడుపుతున్నారు. మీ అన్నయ్య చూసింది బహుశా దీని గురించే అయ్యుంటుంది. కానీ ట్రయల్ అంటే ట్రయల్. ఈ రోగానికి అది మందుల షాపులో దొరికే వస్తువు కాదు, అమెరికాలోనూ కాదు.

మట్టిలో_మాణిక్యం

స్వర్ణభస్మం అంటే నానో గోల్డే కదండీ, మనవాళ్ళు వేల ఏళ్ళ కిందటే కనిపెట్టారు. తేనెలో కలిపి నాకిస్తూ కరెంటు పెట్టిస్తే సరిపోదా? ఫారిన్‌వాళ్ళు పేరు మార్చి అమ్ముతుంటారు.

లైనాక్_మాస్టారు

@మట్టిలో_మాణిక్యం గారూ, లెక్క చెప్తా వినండి. ఆ ఎలుకలకి ఎక్కించిన బంగారం కిలో బరువుకి 2.7 గ్రాములు. మీరు 50 కిలోల మనిషికి కట్టండి, 135 గ్రాములు, పదమూడున్నర తులాలు. మా చెల్లి పెళ్ళికే అంత పెట్టలేదు. భస్మంలో మిల్లీగ్రాముల్లో ఉంటుంది, అదీ కడుపులోకి వెళ్తుంది, గడ్డలోకి కాదు. భస్మం మంచిదా చెడ్డదా అన్న గొడవలోకి నేను రాను, కానీ రేడియేషన్ బలం పెంచడానికి మాత్రం అది పనికిరాదు. పైగా క్రియాటినిన్ ఎక్కువున్న మనిషికి ఏ భస్మమైనా డాక్టర్ని అడక్కుండా ఇవ్వకండి.

టీకణం_టీకప్పు

నేను ఈ నానో, ఇమ్యునోథెరపీ కలిపే లైన్లోనే పీహెచ్‌డీ చేశా, ఎలుకలతో ఐదేళ్ళు గడిపినదాన్ని కాబట్టి రెండో సగం, అంటే "ఒక్కచోట పెడితే ఒళ్ళంతా పోతుంది" అన్నదాని గురించి రాస్తా. మాస్టారు చెప్పింది డోసు పెంచడం గురించి. నిజానికి మా లైన్లో ఇప్పుడు ఎక్కువమంది ఆశ పెట్టుకున్నది డోసు మీద కాదు, గడ్డ చచ్చే తీరు మీద.

ఒకచోట రేడియేషన్ ఇస్తే దూరంగా ఉన్న గడ్డ కూడా తగ్గడాన్ని అబ్‌స్కోపల్ ఎఫెక్ట్ అంటారు, 1953లో మోల్ అనే బ్రిటిష్ డాక్టర్ పెట్టిన పేరు. చాలా అరుదు, దశాబ్దాలపాటు వింతగా చెప్పుకునేవాళ్ళు. 2012లో మెలనోమా (ఒకరకం చర్మ క్యాన్సర్) ఉన్న ఒకావిడ కేసు పెద్ద జర్నల్లో వచ్చింది. ఇపిలిముమాబ్ అనే ఇమ్యునో మందు మీద ఉండగా వెన్ను పక్కన గడ్డకి 3 సిట్టింగులు ఇస్తే ప్లీహంలో ఉన్న మచ్చలు కూడా తగ్గాయి. అక్కడి నుంచి మొదలైంది ఈ జాతర అంతా.

జరిగేది ఏంటంటే, రేడియేషన్‌తో చచ్చే కణం ఊరుకుని చావదు, కేకలు పెట్టి చస్తుంది. కాల్‌రెటిక్యులిన్ అనే ప్రోటీన్ని తన గోడ మీదికి తెచ్చుకుంటుంది, కణానికి శక్తినిచ్చే ఏటీపీని బయటికి వదులుతుంది, దాని ముక్కలైన డీఎన్ఏ లోపల అలారం మోగిస్తుంది. ఆ కేకలు విని డెండ్రిటిక్ కణాలు (రోగనిరోధక వ్యవస్థ కాపలావాళ్ళు) వచ్చి చచ్చిన కణం ముక్కలు తీసుకుని లింఫ్ గ్రంథికి పోయి టీ కణాలకి (దాని సైనికులకి) చూపిస్తాయి, "ఇదిగో దొంగ ముఖం ఇలా ఉంటుంది" అని. టీ కణాలు తయారై బయల్దేరతాయి. గడ్డ వాటిని పీడీ-ఎల్1 అనే బ్రేకుతో ఆపుతుంది, ఇమ్యునోథెరపీ మందు ఆ బ్రేకు తీస్తుంది. కాగితం మీద ఇంత చక్కగా కుదిరిన జోడీ ఇంకోటి లేదు.

మరి నానో ఎక్కడొచ్చింది? ఈ గొలుసులో తెగిపోయే చోట్లన్నిటా. చచ్చిన కణం ముక్కలు అక్కడే వృథాగా కరిగిపోతాయి, వాటిని అంటించుకుని డెండ్రిటిక్ కణానికి అందించే పాలిమర్ కణాలు 2017లో నార్త్ కరొలైనా వాళ్ళు చేశారు. మొండి మెలనోమా ఉన్న ఎలుకల్లో రేడియేషన్, ఇమ్యునో మందు ఇచ్చినా ఒక్కటీ పూర్తిగా బాగవ్వలేదు, ఈ కణాలు కలిపితే ఐదింట ఒకటి బాగైంది. గడ్డ మధ్యలో ఆక్సిజన్ ఉండదు, ఆక్సిజన్ లేనిచోట రేడియేషన్ సరిగ్గా పనిచేయదు, అందుకని అక్కడున్న హైడ్రోజన్ పెరాక్సైడ్‌నే విరిచి ఆక్సిజన్ పుట్టించే మాంగనీస్ డయాక్సైడ్ కణాలు చైనావాళ్ళు చాలా చేశారు. షికాగోలో వెన్‌బిన్ లిన్ ల్యాబు హాఫ్నియంతో జల్లెడ లాంటి కణాలు చేసి, కిరణం తగలగానే లోపల విషపు ఆక్సిజన్ రూపాలు పుట్టేలా, ఖాళీ గదుల్లో ఇమ్యునో మందు కూర్చునేలా అమర్చింది. చూస్తే ముచ్చటేస్తుంది, నిజంగా.

కానీ నేను ఐదేళ్ళు చేసిన ఎలుక గడ్డ సంగతి మీకు చెప్పాలి. అది మేము సోమవారం చర్మం కింద సూదితో పెట్టిన గడ్డ. పది రోజుల్లో శనగగింజంత అవుతుంది. ఎలుక పడుచుది, దాని తోబుట్టువులన్నీ అచ్చం దానిలాంటివే, జబ్బుల్లేవు, చుట్ట తాగలేదు. మీ పెద్దమ్మ అంగిట్లో గడ్డ ఏళ్ళ తరబడి పొగలో, ఆవిడ రోగనిరోధక వ్యవస్థ కళ్ళు కప్పడం నేర్చుకుంటూ పెరిగింది. రెండూ ఒకటి కాదు. ఇంకోటి, సెలైన్లో కలిపి ఎక్కించే నానో కణాలు "నేరుగా గడ్డకే పోతాయి" అని ప్రతి పేపర్లోనూ బాణం గుర్తుతో బొమ్మ ఉంటుంది. పదేళ్ళ పేపర్లన్నీ కలిపి 2016లో లెక్క తీస్తే, ఎక్కించినదాంట్లో గడ్డకి చేరేది దాదాపు 0.7 శాతం, అదీ ఎక్కువగా ఎలుకల్లోనే. మిగతాది చాలావరకు కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి. అందుకే ఫ్రెంచివాళ్ళు తెలివిగా నేరుగా గడ్డలోకే పొడిచారు. సూది అందే గడ్డకి అది సరే. ఊపిరితిత్తుల్లో అక్కడక్కడా పది మచ్చలుంటే ఎన్నిసార్లు పొడుస్తారు?

ఇక మీకు అసలు కావలసిన మాట. నానో సంగతి అటుంచండి, రేడియేషన్‌తో పాటే ఇమ్యునోథెరపీ ఇస్తే తల-మెడ క్యాన్సర్లో లాభం ఉందా అని రెండు పెద్ద ట్రయల్స్ చేశారు. 697 మందితో అవెలుమాబ్, 804 మందితో పెంబ్రోలిజుమాబ్, రెండూ ఇమ్యునో మందులే. రెండూ కీమోరేడియేషన్‌కి కలిపి ఇచ్చారు. రెండూ గట్టెక్కలేదు. అదే ఊపిరితిత్తుల క్యాన్సర్లో కీమోరేడియేషన్ పూర్తయ్యాక డర్వాలుమాబ్ అనే ఇమ్యునో మందు మొదలుపెడితే ఐదేళ్ళకి 42.9 శాతం బతికున్నారు, ఇవ్వనివాళ్ళలో 33.4. ఎందుకీ తేడా అంటే ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరు, కానీ నాకు నమ్మకం కలిగించే ఒక వాదన ఉంది: తల-మెడ రేడియేషన్లో మెడ గ్రంథులన్నిటికీ కలిపి కరెంటు పెడతారు, ఆ గ్రంథులే టీ కణాలు పాఠం నేర్చుకునే బడి, ఏడు వారాలపాటు రోజూ బడి తగలబెడుతూ పిల్లలు పాసవ్వలేదంటే ఎలా?

అందుకే నాకు మా రంగం మీద ఒక ఫిర్యాదు ఉంది. ఏటా కొత్త కణం, కొత్త ఆకారం, గోళీలు కర్రలు పువ్వులు చేసి పేపర్లు వేస్తాం. ఎప్పుడు ఇవ్వాలి, ఎంత డోసు, గ్రంథుల్ని కాపాడాలా వద్దా అన్న ప్రశ్నలు మాత్రం ఎవరికీ పట్టవు. ఒక్కసారే 20 గ్రే (గ్రే అంటే రేడియేషన్ డోసు కొలత) లాంటి పెద్ద డోసు ఇస్తే కణం లోపల ట్రెక్స్1 అనే ఎంజైము పెరిగి ఆ డీఎన్ఏ అలారాన్ని తుడిచేస్తుందని, 8 గ్రే చొప్పున మూడుసార్లు ఇస్తే అలారం బాగా మోగుతుందని 2017లో ఎలుకల్లోనే చూపించారు. అంటే ఎక్కువ పడితే ఎక్కువ మంచిది అనేది ఇమ్యూనిటీకి వర్తించదు. మరి నానోతో డోసు పెంచుతున్నాం అని గంతులేసేవాళ్ళు ఈ లెక్క చూసుకోవాలా వద్దా?

పలాస_జీడిపప్పు

అమ్మో, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. ఇద్దరికీ దండాలు. మాస్టారూ, ఒక డౌటు. ఆ ఫ్రెంచి ఇంజెక్షన్, ఇమ్యునోథెరపీ రెండూ కలిపి మనుషులకి ఎవరికీ ఇవ్వలేదా?

టీకణం_టీకప్పు

ఇచ్చారండి. స్టడీ 1100 అని, హాఫ్నియం కణాలు గడ్డలోకి, రేడియేషన్, తర్వాత నివోలుమాబ్ గానీ పెంబ్రోలిజుమాబ్ గానీ, ఇవి ఇమ్యునో మందులు. ఇమ్యునో మందు పనిచేయడం ఆగిపోయినవాళ్ళలో కూడా కొందరికి గడ్డలు తగ్గాయి, ఆశపడాల్సిన విషయమే. కానీ అది మొదటి దశ, పోల్చి చూడ్డానికి నానో లేని గుంపు లేదు. తగ్గినవాళ్ళలో ఎంత నానో పుణ్యం, ఎంత రేడియేషన్ పుణ్యం అని విడదీయలేం.

రెల్లివలస_రాము

ఈ థ్రెడ్ పొద్దున చూశా, ఆఫీసులో ఉండి రాయలేకపోయా. మా నాన్నగారికి రెండేళ్ళ కిందట దవడ క్యాన్సర్, సిస్ప్లాటిన్ పడదన్నారు, మీ పరిస్థితే. నానోలూ అవీ నాకు తెలియవు గానీ ఇప్పుడు మన దగ్గర దొరికేవాటి గురించి రెండు ముక్కలు.

ముంబై టాటా మెమోరియల్‌వాళ్ళు సిస్ప్లాటిన్ పడనివాళ్ళ మీదే ఒక ట్రయల్ చేశారు, 356 మందితో. రేడియేషన్‌తో పాటు వారానికోసారి చిన్న డోసు డోసిటాక్సెల్ అనే కీమో ఇస్తే రెండేళ్ళకి బతికున్నవాళ్ళు 50.8 శాతం, రేడియేషన్ ఒక్కటే అయితే 41.7. ఇది పాత మందు, ఖరీదు తక్కువ. మా డాక్టర్ గారు నాన్నకి అదే ఇచ్చారు. మీ పెద్దమ్మ గారి గుండెకి పడుతుందో లేదో వాళ్ళే చెప్పాలి, కానీ అడగండి, అడగడంలో తప్పులేదు. నోట్లో పుండ్లు ఎక్కువవుతాయి, అది మాత్రం ముందే మనసులో పెట్టుకోండి.

ఇమ్యునోథెరపీ ఖరీదు చూసి భయపడొద్దు. అదే టాటావాళ్ళు, రోగం ముదిరినవాళ్ళకి, నివోలుమాబ్ 20 మిల్లీగ్రాములు మాత్రమే మూడు వారాలకోసారి ఇచ్చి చూశారు, మామూలుగా ఇచ్చేది రెండు వారాలకి 240. నోటి మాత్రల కీమోకి అది కలిపితే ఏడాదికి బతికున్నవాళ్ళు 16.3 నుంచి 43.4 శాతానికి పెరిగారు. 151 మంది మీద చేసిన ట్రయల్. ఇది మొదటి రేడియేషన్‌తో కలిపేది కాదు, రోగం తిరగబెట్టినప్పటి మాట. మీ డాక్టర్ గారు "తర్వాత చూద్దాం" అన్నది బహుశా అందుకే.

ఇంకా చెప్పాలంటే, కరెంటు మొదలయ్యేలోపు పళ్ళ డాక్టర్కి చూపించండి. పుచ్చిన పళ్ళు ముందే తీయించాలి, తర్వాత తీస్తే దవడ ఎముక మానకపోవచ్చు. మాకు ఇది ఎవరూ ముందు చెప్పలేదు, నాన్న ఇప్పటికీ బాధపడుతున్నారు. మూడో వారం నుంచి మింగడం కష్టమవుతుంది, ముక్కులో గొట్టం పెడతామంటే మొండికెయ్యకుండా ఒప్పించండి, బరువు తగ్గిపోతే మాస్క్ వదులైపోయి మళ్ళీ కొత్తది చెయ్యాలి. రాగిజావ చల్లార్చి, ఉప్పు లేకుండా. చుట్ట పూర్తిగా మాన్పించండి. మా నాన్న బాత్రూమ్‌లో దాక్కుని కాల్చేవారు, అందుకని చెప్తున్నా.

లైనాక్_మాస్టారు

పైన రాము గారు రాసిన పళ్ళ మాట వెయ్యి రూపాయల మాట. మాస్క్ మాట కూడా.

ట్రయల్లో చేరాలని మీ అన్నయ్యకి మరీ ఉంటే, మన దేశంలో జరిగే ప్రతి ట్రయల్ సీటీఆర్ఐ అనే ప్రభుత్వ వెబ్‌సైట్లో నమోదై ఉండాలి, అక్కడ హాస్పిటల్ పేర్లతో సహా ఉంటాయి. వెతికి, ఉంటే మీ డాక్టర్ గారితోనే మాట్లాడండి. ఒక్క గుర్తు పెట్టుకోండి, ట్రయల్ మందుకి డబ్బు కట్టమని ఎవరైనా అడిగితే అది ట్రయల్ కాదు, బేరం. "నానో ట్రీట్‌మెంట్ ప్యాకేజీ" అని లక్షలు చెప్పే సెంటర్లు పుట్టుకొస్తున్నాయి, జాగ్రత్త. నిజంగా వాడుకలో ఉన్న నానో మందులు లేకపోలేదు, ఆల్బుమిన్‌కి చుట్టిన పాక్లిటాక్సెల్ అమెరికాలో 2005 నుంచీ ఉంది, మన దగ్గరా దొరుకుతుంది. కానీ అది కీమో, రేడియేషన్ బలం పెంచే సూది కాదు. రెండూ కలిపి చెప్పి అమ్ముతారు.

పలాస_జీడిపప్పు

నిన్న రాత్రి ఈ థ్రెడ్ మొత్తం అన్నయ్యకి పంపా. గంటసేపు మాట్లాడలేదు, తర్వాత ఫోన్ చేసి "పదమూడున్నర తులాలు" అని నవ్వాడు, ఆ వెంటనే ఏడ్చాడు. సరే మొదలుపెట్టేయండి, నేను మూడో వారానికి సెలవు పెట్టి వస్తా అన్నాడు. పొద్దున మాస్క్ కొలత తీశారు. పళ్ళ డాక్టర్ రెండు పళ్ళు తీయాలన్నారు, అవి మానాక పది రోజుల్లో మొదలు. డోసిటాక్సెల్ గురించి అడిగాను, ఎకో (గుండె స్కాన్) ఇంకోసారి చూసి చెప్తామన్నారు.

పెద్దమ్మకి మాత్రం ఒకటే అనుమానం. "కరెంటెడితే సాక్ కొడతాదేట్రా?" అని పొద్దుట్నుంచి నాలుగుసార్లు అడిగింది.

లైనాక్_మాస్టారు

కొట్టదని చెప్పండి. ఏమీ తెలియదు, మిషను చుట్టూ తిరిగే చప్పుడు తప్ప. పది పదిహేను నిమిషాలు కదలకుండా పడుకోవాలి, అంతే. మాస్క్ బిగుతుగా ఉంటుంది, మొదటి రోజు చాలామంది కంగారుపడతారు. లోపల ఎవరూ ఉండరు కానీ కెమెరాలో చూస్తూనే ఉంటాం, చెయ్యి ఎత్తితే ఆపేసి వచ్చేస్తామని చెప్పండి. పాటలు పెట్టమంటే పెడతారు చాలా చోట్ల, ఆవిడకి ఏవి ఇష్టమో ముందే కనుక్కుని టెక్నీషియన్‌తో చెప్పి ఉంచండి.